తుప్పుకు తొందరేముంది?

ఆలస్యం అమృతం విషం అన్న పెద్దమనిషి ఎవరో గానీ, అణు విద్యుత్ కేంద్రాల భద్రత చూసే ఆఫీసులో ఒక్కరోజు కూడా పనిచేసి ఉండడు. అక్కడ ఆలస్యమే అమృతం. విషం సంగతి ఆ విద్యుత్ కేంద్రాల వాళ్లు చూసుకుంటారు. ఇది తెలియక ఎవరు పడితే వాళ్లు రెగ్యులేటర్లను ఆడిపోసుకుంటున్నారు. సకాలంలో పట్టుకోలేదట, పట్టుకున్నా గట్టిగా అడగలేదట. ఓర్పు కూడా ఒక ప్రభుత్వ సేవేనని వీళ్లకు చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ లోటు తీర్చే బాధ్యత నేను తీసుకుంటున్నాను.

ముందు ఆఫీసు పుట్టుక చెప్పుకోవాలి. అమెరికాలో 1974 దాకా అణుశక్తిని పెంచి పోషించేదీ, దాన్ని అదుపులో పెట్టేదీ ఒకే సంస్థ, అటామిక్ ఎనర్జీ కమిషన్. పెళ్లిళ్ల పేరయ్యకే వరుడి గుణగణాల విచారణ అప్పగించినట్టు. ఇది బాగాలేదని చట్టం చేసి రెండు ముక్కలు చేశారు. 1975 జనవరిలో న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ పని మొదలుపెట్టింది. రెండు నెలలు తిరిగాయో లేదో, కొవ్వొత్తి అంటుకుంది.

ఇది అలంకారం కాదు, నిజం కొవ్వొత్తే. అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో కేబుళ్లు గోడలోంచి దూరే కంతల్లో ఫోమ్ నింపారు. అందులోంచి గాలి లీకవుతోందేమో చూడాలి. దానికి పద్ధతి ఏమిటంటే, వెలిగించిన కొవ్వొత్తిని కంత దగ్గర పట్టుకోవడం. మంట అటు వంగితే లీకు ఉన్నట్టు. 1975 మార్చి 22న మంట అటు వంగింది. లీకు దొరికింది. ఫోమ్ అంటుకుంది. సుమారు 7 గంటలు మండి 1,600కు పైగా కేబుళ్లు కాలిపోయాయి. పరమాణువును చీల్చే చోట పరీక్షా పరికరం కొవ్వొత్తి అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. దాని కచ్చితత్వానికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

కంగారు మనుషులైతే మర్నాడే రూలు రాసేవాళ్లు. కమిషన్ తొందరపడలేదు. అగ్ని భద్రత నిబంధనలు 1980లో వచ్చాయి. వాటిని అందుకోలేని కేంద్రాలు మినహాయింపులు అడిగాయి, వందల్లో ఇచ్చారు. 2004లో ఇంకో మార్గం చూపించి, అందులోకి మారుతున్నవాళ్ల పాత ఉల్లంఘనలను ఈలోగా చూసీచూడనట్టు వదిలేస్తామన్నారు. ఆఫీసు భాషలో దీన్ని విచక్షణ అంటారు. 7 గంటల మంటకు 30 ఏళ్ల విచక్షణ! ఇంత లోతైన ఆలోచన ఏ ఋషి చేశాడు?

అలాగని కమిషన్ చేతులు కట్టుకుని కూర్చుంటుందనుకోకండి. ఏ పంపు ఎన్ని గంటలు పనిచేయకపోతే రియాక్టర్ ఆపేయాలో, ఏ వాల్వును ఎన్నాళ్లకోసారి పరీక్షించాలో లైసెన్సుతోపాటే రాసి ఇస్తుంది. ప్రతి కేంద్రంలోనూ తన ఇన్‌స్పెక్టర్లను కూర్చోబెడుతుంది. మరీ చనువు పెరక్కూడదని ఒకే చోట 7 ఏళ్లకు మించి ఉండనివ్వదు. మంచి జాగ్రత్తే. కాకపోతే కమిషన్ ఖర్చులో సింహభాగం ఆ కేంద్రాల యజమానులు కట్టే ఫీజుల నుంచే వస్తుంది, తనిఖీకి గంటల లెక్కన బిల్లు వెళ్తుంది. ఇన్‌స్పెక్టరు మనిషి కాబట్టి మొహమాటపడొచ్చు, బదిలీ చేయాల్సిందే. చెక్కుకు మొహమాటం ఎక్కడిది? అది ఎన్నేళ్లైనా రావచ్చు.

కేంద్రాల పనితీరుకు రంగులు కూడా వేస్తారు. ఆకుపచ్చ, తెలుపు, పసుపు, ఎరుపు. వీటి సంగతి మళ్లీ వస్తుంది.

ఓర్పు అంటే ఏమిటో చూడాలంటే ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న డేవిస్-బెస్సీ కేంద్రానికి వెళ్లాలి. అక్కడ రియాక్టర్ మూత 6 అంగుళాలకు పైగా మందమున్న ఉక్కు. లోపలి నీళ్లు మామూలు గాలి ఒత్తిడికి 150 రెట్ల ఒత్తిడిలో ఉంటాయి. ఆ నీళ్లలో బోరిక్ యాసిడ్ కలుపుతారు. మూతలోంచి, అణుచర్యను అదుపు చేసే కంట్రోల్ రాడ్లు దిగడానికి గొట్టాలుంటాయి. అందులో ఒకటి చీలింది. చీలికలోంచి నీళ్లు సన్నగా ఊరడం, ఆవిరి కావడం, మిగిలిన యాసిడ్ ఉక్కును కొరుక్కుతినడం. ఇలా ఏళ్ల తరబడి సాగింది.

గుట్టుగా సాగిందా అంటే, లేదు పాపం. తుప్పు తన వంతుగా చెవిన ఇల్లు కట్టుకుని చెప్పింది. లోపలి గాలిలో రేడియేషన్ కొలిచే పరికరానికి ఫిల్టర్లుంటాయి. ఎప్పుడో నెలకోసారి మార్చే ఆ ఫిల్టర్లు తుప్పు పొడితో మూసుకుపోయి, రోజు విడిచి రోజు మార్చాల్సి వచ్చింది. 2000లో ఇంధనం మార్చడానికి రియాక్టర్ ఆపినప్పుడు తీసిన ఫొటో ఒకటుంది. మూత చుట్టూ కంతల్లోంచి ఎర్రటి ముద్ద కారి, కారినచోటే గడ్డకట్టి కనిపిస్తుంది. ఆ ఫొటో చూశాక ఏ రంగు వేయాలో తెలియడానికి చార్టు అక్కర్లేదు. అయినా కమిషన్ లెక్కలో అప్పటికి అది చక్కగా నడుస్తున్న కేంద్రమే. ఫిల్టరు మూసుకుపోతే ఏం చేయాలి? ఫిల్టరు మార్చాలి. మార్చారు. మార్చినట్టు రిజిస్టర్లో రాశారు. ఇంకేం చేయమంటారు?

2001లో వేరే కేంద్రంలో ఇలాంటి గొట్టాలకు ప్రమాదకరమైన పగుళ్లు బయటపడ్డాయి. అటువంటి కేంద్రాలు డిసెంబరు 31లోగా తమ మూతలు చూసుకోవాలని కమిషన్ అడిగింది. ఎలాగూ మార్చి ఆఖరులో ఇంధనం మార్చడానికి ఆపుతాం కదా, అప్పుడు చూస్తామంది డేవిస్-బెస్సీ. కమిషన్ సిబ్బందికి కోపం వచ్చింది. మూసేయమని ఆర్డరు కూడా తయారు చేశారు. కానీ పంపలేదు. కూర్చుని మాట్లాడుకున్నారు. మీరు డిసెంబరు ఆఖరంటున్నారు, మేం మార్చి ఆఖరంటున్నాం, ఎవరి మాటా పోకుండా ఏదైనా చూద్దాం. బేరం ఫిబ్రవరి 16 దగ్గర తెగింది. క్యాలెండరు తీసి చూసుకోండి, రెండు తేదీలకీ దాదాపు నడిమధ్య. పెద్దమనుషుల ఒప్పందమంటే అదీ. ఆ చర్చలకు తుప్పును మాత్రం ఎవరూ పిలవలేదు.

2002 మార్చిలో మరమ్మతు చేస్తుండగా ఒక గొట్టం కదిలి పక్కకు ఒరిగింది. నిలబెట్టాల్సిన ఉక్కు దాని చుట్టూ లేదు. మూతలో పెద్ద అనాసపండు పట్టేంత గుంత. అడుగున మిగిలింది సెంటీమీటరు కూడా లేని స్టెయిన్‌లెస్ స్టీలు పొర. అది తుప్పు పట్టకుండా వేసిన లైనింగే గానీ, ఒత్తిడి మోయడానికి వేసింది కాదు. పాపం ఎవరి ఆర్డరూ లేకుండానే అదనపు డ్యూటీ చేసింది. కాస్త ఉబ్బింది, తెగలేదు. మొత్తం వ్యవహారంలో గడువు అడగకుండా పనిచేసింది అదొక్కటే.

ఆ డిసెంబరులో, కమిషన్ పనినే తనిఖీ చేసే దాని సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక ఇచ్చారు. గడువు పెంచడం వెనక, యజమానికి ఆర్థిక భారం తగ్గించాలన్న ఆలోచన బాగానే పనిచేసిందని అందులో ఉంది. నిందలా రాశారు గానీ, చదివితే నాకు ప్రశంసాపత్రంలాగే అనిపించింది. 2005లో కేంద్రానికి 54.5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. కమిషన్ అప్పటిదాకా వేసిన జరిమానాల్లో అదే పెద్దది.

ఇక నిద్ర. పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ కేంద్రంలో ఆపరేటర్లు కంట్రోల్ రూమ్‌లోనే కునుకు తీస్తున్నారని 1987లో బయటపడింది. మార్చి 31న కమిషన్ కేంద్రాన్ని మూయించింది. రెండేళ్ల దాకా తెరవనివ్వలేదు. నా వాదనకు ఇది కాస్త అడ్డం, ఒప్పుకుంటాను. తలుచుకుంటే చేయగలరని తేలిపోయింది. అదృష్టం కొద్దీ ఆ తొందరపాటును 20 ఏళ్ల తర్వాత అదే చోట దిద్దుకున్నారు. 2007 మార్చిలో, ఈసారి సెక్యూరిటీ గార్డులు నిద్రపోతున్నారని కమిషన్‌కు ఉత్తరం వచ్చింది. కమిషన్ ఆ ఫిర్యాదును కేంద్రం యజమానికే పంపి, కాస్త విచారించి చెప్పమంది. యజమాని విచారించాడు. నిద్రపోతున్నట్టు ఆధారాలేమీ దొరకలేదన్నాడు. ఫైలు పడుకుంది. సెప్టెంబరులో ఒక గార్డు తీసిన వీడియో టీవీలో వచ్చేదాకా అందరూ నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నారు. వీడియోలో గార్డులు తలలు వాల్చేసి నిద్రపోతున్నారు. ఆ గది పేరు రెడీ రూమ్. పిలిస్తే ఉన్నపళంగా లేచి పరుగెత్తాల్సినవాళ్లు ఉండే గది. లేవాలంటే ముందు పడుకోవాలి కదా.

(కేంద్రాల కాపలాను పరీక్షించడానికి ఉత్తుత్తి దాడులు కూడా చేస్తారు. ఎప్పుడు చేసేదీ కొన్ని వారాల ముందే కబురు పెడతారు. అసలు దాడి చేసేవాళ్లకూ ఆ మర్యాద తెలిసే ఉంటుందని ఆశిద్దాం.)

భారత్ కూడా ఎవరికీ తీసిపోలేదు. 1983లో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టి, దాన్ని అణుశక్తి కమిషన్‌కు జవాబుదారీ చేశారు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖకు కార్యదర్శి. మండలి పుట్టి 30 ఏళ్లు కావస్తున్నా రేడియేషన్ భద్రతా విధానమంటూ ఒకటి రాయలేదని, ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 500 రూపాయలేనని 2012లో కాగ్ ఎత్తిచూపింది. స్వతంత్ర సంస్థ కోసం 2011లో పెట్టిన బిల్లు, 2014లో లోక్‌సభతోపాటే మురిగిపోయింది.

జపాన్‌లో 2011 నాటికి భద్రతా సంస్థ ఏ శాఖ కింద ఉండేదో తెలుసా? అణు విద్యుత్తును ప్రోత్సహించే పరిశ్రమల శాఖ కిందే. పేరయ్య గారికి ఏ దేశంలోనూ పనికి కొదవ లేదు. ఫుకుషిమా దాయిచి కేంద్రం నడిపే కంపెనీ 2008లో లెక్క వేసుకుంటే, సునామీ 15.7 మీటర్ల దాకా రావచ్చని తేలింది. అప్పటికి కేంద్రం సిద్ధపడింది 6 మీటర్ల లోపు అలకే. లెక్క మరీ పెద్దగా ఉందని, దాన్ని మరింత అధ్యయనానికి పంపారు. మూడేళ్లు అధ్యయనం. ఆ అంకె భద్రతా సంస్థకు చేరింది 2011 మార్చి 7న. సముద్రం 11న వచ్చింది. మధ్యలో నాలుగు రోజులు. ఇన్‌వార్డులో నంబరు పడటానికైనా చాలుతుందా? రెగ్యులేటర్ల ఓర్పును ఇన్నేళ్లలో ఇంతగా అవమానించింది సముద్రమొక్కటే. షోకాజ్ నోటీసు ఇద్దామంటే దానికి లైసెన్సు కూడా లేదు.

మరుసటి ఏడాది జపాన్ పార్లమెంటు వేసిన విచారణ కమిషన్ ఇది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తేనని, అదుపు చేయాల్సినవాళ్లు కంపెనీ అదుపులోకి వెళ్లిపోయారని తేల్చింది. 2012 సెప్టెంబరులో కొత్త సంస్థ వచ్చింది. రియాక్టర్ ఆయుష్షు 40 ఏళ్లు, పొడిగిస్తే ఒకేసారి ఇంకో 20 అని గట్టి రూలు పెట్టారు. గట్టిదనం పదేళ్లు నిలిచింది. 2023లో చట్టం మార్చి, భద్రతా సమీక్షల కోసమో కోర్టు ఆదేశాల వల్లో రియాక్టర్ ఆగి ఉన్న కాలాన్ని వయసు లెక్కలోంచి తీసేయవచ్చన్నారు. అంటే ఆగి ఉన్నన్నాళ్లూ దానికి వయసు పెరగదన్నమాట. సిమెంటుకూ ఉక్కుకూ ఈ సంగతి తెలియజేశారో లేదో.

ఈ లెక్క నాకెంత నచ్చిందంటే, వెంటనే నా మీదే వేసి చూసుకున్నాను. మొన్నటికి నాకు 60 నిండాయి. రోజుకు 8 గంటల చొప్పున ఆగి ఉన్న కాలం తీసేస్తే నికరంగా 40. అంటే తొలి లైసెన్సు ఇప్పుడే ముగిసింది. ఇంకో 20కి దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. మోకాలు వంచినప్పుడల్లా ఏదో కిర్రుమంటోందని డాక్టరు ఈ నెలాఖరులోగా ఎక్స్‌రే తీయించుకోమన్నాడు. నేను వేసవి అయ్యాక చూద్దామన్నాను. కూర్చుని మాట్లాడుకుని, మధ్యేమార్గంగా ఒక తేదీకి వచ్చాం.