ర్యాంకుల సెక్షన్లు ఎత్తివేయాల్సిందే

విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన 15 మార్గదర్శకాలను మన రెసిడెన్షియల్ కళాశాలలు గోడకు అంటించే కాగితంగా మార్చేస్తున్నాయి. రావులపాలెం నుంచి భీమవరం దాకా రోడ్ల పక్కన వేలాడే ప్రవేశాల ఫ్లెక్సీల్లో ర్యాంకర్ల ఫొటోల కింద ఇప్పుడు ‘కౌన్సెలింగ్ సదుపాయం కలదు’ అన్న ముక్క కూడా చేరుతోంది. ఆ ఫ్లెక్సీ కట్టిన యాజమాన్యమే లోపల మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొడుతోంది. కోర్టు వద్దన్న పనిని మానకుండా, కోర్టు చేయమన్న పనిని ప్రచారానికి వాడుకోవడం పచ్చి కపటం.

ఆ తీర్పు వచ్చింది ఎక్కడో రాజస్థాన్‌లోని కోచింగ్ కేంద్రం కోటాలో జరిగిన ఘటన మీద కాదు. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి విశాఖపట్నం వచ్చి, హాస్టల్లో ఉంటూ 2023 జూలైలో ప్రాణాలు కోల్పోయిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో వచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఈ మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక తండ్రి మన గడ్డ మీద కూతుర్ని పోగొట్టుకుని న్యాయస్థానాల చుట్టూ తిరిగితే వచ్చిన తీర్పు ఇది. దీన్ని అందరికంటే ముందు, అందరికంటే నిజాయతీగా అమలు చేయాల్సిన బాధ్యత ఆంధ్రప్రదేశ్‌దే.

వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ కనీసం ఒకరిని నియమించాలని తీర్పు చెబుతోంది. టెలి మానస్ వంటి సహాయ కేంద్రాల నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో రాయాలని, సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని, భవనాల్లో భద్రతా ఏర్పాట్లు చేయాలని కూడా చెబుతోంది. ఇవన్నీ ప్రాణాలు కాపాడేవే. వీటిని తక్కువ చేసి చూడడం మా ఉద్దేశం కాదు. రోజంతా తెలుగులోనే మాట్లాడి సాయం పొందగలిగే టెలి మానస్ 14416 నంబరు ప్రతి పిల్లవాడికీ నోటికి రావాల్సిందే. అయితే ఇవన్నీ ఫొటో తీసి తనిఖీ అధికారికి చూపించగలిగేవి. ఫొటోకు అందని నిబంధన ఒకటుంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దని, నలుగురిలో పరువు తీయవద్దని, శక్తికి మించిన లక్ష్యాలు మోపవద్దని కోర్టు చెప్పింది. అందులో ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట ఒకటి ఉండిపోయింది. ఆ సందులోంచే యాజమాన్యాలు దూరిపోతున్నాయి.

సెక్షన్ అంటే ఏమిటో రెసిడెన్షియల్‌లో చదివిన ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. ఆదివారం పరీక్ష, రెండు రోజుల్లో మార్కుల జాబితా, అందరూ కంచాలు పట్టుకుని వరుసలో నిలబడే మెస్ పక్కనే ఆ జాబితా. రెండు మూడు పరీక్షల్లో వెనకబడితే పై సెక్షన్ నుంచి కిందికి దించేస్తారు. పాఠం చెప్పే లెక్చరర్ మారిపోతాడు, చేతికిచ్చే మెటీరియల్ మారిపోతుంది, ఒక్కోచోట హాస్టల్ గది కూడా మారుతుంది. ట్రంకుపెట్టె మోసుకుంటూ నిన్నటి స్నేహితుల ముందు నుంచి మరో గదికి నడిచే పదహారేళ్ల పిల్లవాడికి ఆ సాయంత్రం కౌన్సెలర్ ఏం చెప్పగలడు? సంస్థే చేసిన గాయానికి సంస్థే నియమించిన ఉద్యోగి మందు రాయాలి; మర్నాడు పొద్దున అదే సంస్థ మళ్లీ అదే గాయం చేస్తుంది.

తల్లిదండ్రులే ర్యాంకులు అడుగుతున్నారని, వెనకబడిన వారికి విడిగా చెబితేనే మేలని, శిక్షణ ఉన్న కౌన్సెలర్లు దొరకడం లేదని యాజమాన్యాలు అంటున్నాయి. చివరి మాటలో కొంత నిజముంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. 13-17 ఏళ్ల పిల్లల్లో వంద మందికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని ఆ సర్వేనే తేల్చింది. కౌన్సెలర్‌ను వెతకడానికి సమయం పడుతుంది, ఒప్పుకుంటాం. మెస్ గోడ మీది జాబితా చించెయ్యడానికి ఎంత సమయం కావాలి? సెక్షన్లు కలపడానికి ఏ నిపుణుడు దొరకాలి? పైసా ఖర్చు లేని పనినే పక్కన పెట్టారంటే అడ్డం వస్తున్నది కొరత కాదు, ర్యాంకుల వ్యాపారం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. వారిలో 2,248 మంది మరణాలకు పరీక్ష తప్పడమే కారణంగా నమోదైంది. ఇంత జరుగుతున్నా మన ప్రభుత్వాలకు కమిటీలు వేయడం కొత్త కాదు. కార్పొరేట్ కళాశాలల్లో మరణాలపై ఉమ్మడి రాష్ట్రంలో 2001లో నీరదారెడ్డి కమిటీ, విభజన తర్వాత 2017లో చక్రపాణి కమిటీ వేశారు. పదహారేళ్ల తేడాతో రెండు కమిటీలు అదే ఒత్తిడి గురించి మాట్లాడాల్సి వచ్చిందంటే మొదటిదాని గతేమిటో వేరే చెప్పక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పును కూడా ఆ బీరువాలోనే పెడతారా అన్నదే మా భయం. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే చట్టంతో సమానమని కోర్టు స్పష్టంగా చెప్పాక, వీటిని సలహాల్లా చూసే హక్కు ఎవరికీ లేదు.

తప్పించుకోవడానికి మరో దారి కూడా సిద్ధంగా ఉంది. పదహారేళ్లు నిండని వారిని చేర్చుకోరాదంటూ కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర కోచింగ్ వేరుగా ఎక్కడుంది? పొద్దున ఇంటర్, సాయంత్రం జేఈఈ లేదా నీట్. ఒకే గది, ఒకే బెంచీ, ఒకే ఫీజు రసీదు. కోచింగ్ నియమాలు అడిగితే తాము జూనియర్ కళాశాల అంటారు, కళాశాల నియమాలు అడిగితే అది అదనపు శిక్షణ అంటారు. సుప్రీంకోర్టు పాఠశాలలు, కళాశాలలు, కోచింగ్ సంస్థలు, హాస్టళ్లు అన్నిటినీ కలిపే చెప్పింది కనుక ఈ దాగుడుమూతలు చెల్లవు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పర్యవేక్షక కమిటీ ఉండాలనీ చెప్పింది. రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏలూరు కలెక్టర్లు తమ కమిటీలు ఎన్నిసార్లు కూర్చున్నాయో, ఏ కళాశాలలో సెక్షన్లు రద్దు చేయించాయో ప్రజలకు చెప్పాలి. నోటీసు ఇచ్చి తనిఖీకి వెళితే కనిపించేది కొత్త బోర్డే. ఆదివారం పరీక్ష మార్కులు వచ్చిన రోజున, చెప్పకుండా, మెస్ దగ్గరికి వెళ్లాలి.

దాళ్వా (రెండో పంట) ధాన్యం డబ్బు చేతికి రాగానే కౌలు రైతు ముందు కట్టేది కళాశాల ఫీజు. ఆ తండ్రికి ప్రవేశాల రోజు ర్యాంకుల జాబితా చూపిస్తారు గానీ, తన బిడ్డను ఎన్నో సెక్షన్‌లో కూర్చోబెడతారో, అక్కడినుంచి ఎప్పుడు దించేస్తారో చెప్పరు. ఇది తెలియని అధికారులు లేరు. కళాశాలల సన్మాన సభల్లో ముఖ్య అతిథులుగా కూర్చుని ర్యాంకర్లకు శాలువాలు కప్పే మంత్రులు, ఎమ్మెల్యేలు, అధికారులు ఆ వేదిక దిగాక కింది సెక్షన్ గదికి ఒక్కసారి కూడా వెళ్లరు. తనిఖీ చేయాల్సిన సంస్థ వేదిక మీద శాలువా అందుకునే అధికారికి ఆ సంస్థ మీద చర్య తీసుకునే ముఖం ఉండదు. ముందు ఆ సభలకు వెళ్లడం మానండి, తర్వాత పిల్లల మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడండి.