కార్బన్-14 గారికి ఒక రాయి యజమాని విన్నపం

మహారాజశ్రీ కార్బన్-14 గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. నా కుశలం సంగతి తర్వాత చెబుతాను. మీ కుశలం అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. చచ్చిన జీవి ఒంట్లో ఉండి, 5,730 ఏళ్లకోసారి సగమైపోయేవారిని "బాగున్నారా" అనడం ఏం మర్యాద?

నిన్న మధ్యాహ్నమంతా మీ పేరు జపిస్తూ ఒక ల్యాబ్ వరండాలో కూర్చున్నాను. ఒళ్లో గుడ్డలో చుట్టిన శిలాజం. పొట్టేలు కొమ్ములా చుట్టలు తిరిగిన అమ్మొనైట్, ఎప్పుడో అంతరించిన సముద్రజీవి పెంకు. మూడు గంటల తర్వాత ఒక మేడమ్ వచ్చి, దాన్ని అటూ ఇటూ తిప్పి, "దీనికి కార్బన్ డేటింగా?" అన్నారు. ఆ చివరి దీర్ఘం ఇంకా నా చెవిలో మోగుతూనే ఉంది.

మీరెంత మిగిలారో చూసి వయసు కట్టడమే కార్బన్ డేటింగ్. ఆ లెక్కకు మీ ఓపిక సుమారు 50 వేల ఏళ్లకే అయిపోతుందట. అమ్మొనైట్లేమో రాక్షసబల్లులతో పాటే 6.6 కోట్ల ఏళ్ల కిందట పోయాయి. ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాను. పదిసార్లు సగమైతేనే మీరు వెయ్యో వంతు కూడా మిగలరు. నా రాయి కోసమైతే తక్కువలో తక్కువ పదకొండున్నర వేల సార్లు సగం కావాలి. అసలు భూగోళం మొత్తాన్ని మీతోనే పోతపోసినా, పది లక్షల ఏళ్లకల్లా ఒక్క పరమాణువు మిగలడం కష్టం. అయినా ఎక్కడ పాత ఎముక బయటపడ్డా జనం నోట మీ పేరే!

పని చేసేది ఎవరండీ? యురేనియం. అది మెల్లగా సీసంగా మారుతుంది. దాని అర్ధాయువు, అంటే సగమవడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్లు. జిర్కాన్ అనే స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిచ్చి, సీసాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. కాబట్టి తర్వాత లోపల కనబడే సీసమంతా దాదాపుగా అక్కడే పుట్టిన బిడ్డ. ఎంత యురేనియం మిగిలింది, ఎంత సీసం పుట్టింది అని చూస్తే వయసు తేలిపోతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో ఇలాగే 440 కోట్ల ఏళ్ల రేణువు దొరికింది. 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసం చూసి భూమికి 455 కోట్ల ఏళ్లని చెప్పాడు. చెప్పండి, "యురేనియం డేటింగ్ చేయించారా?" అని ఎవరైనా అడగగా విన్నారా? (రాళ్ల వయసు చెప్పే మరొకరు, పొటాషియం గారి ఊసు ఎత్తను. రాయి కాస్త గట్టిగా వేడెక్కితే చాలు, ఆయన క్షీణిస్తూ కూడబెట్టిన ఆర్గాన్ వాయువు జారుకుంటుంది.)

పోనీ మీ హద్దుల్లోనైనా నికరంగా ఉంటారా? మీ అర్ధాయువు మొదట 5,568 అన్నారు, తర్వాత 5,730 అని సరిదిద్దారు. అయినా రిపోర్టులో పాత అంకెతోనే వయసు కట్టి, ఆ తర్వాత చెట్ల వలయాలతో సవరిస్తారు. కాగితం మీద వయసొకటి, ఒంటి మీద వయసొకటి. సముద్రపు నీళ్లలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి, అక్కడ బతికున్న నత్తను ఇచ్చినా, నాలుగు వందల ఏళ్ల కిందట చచ్చిందంటారు!

ఇక మీ రిపోర్టుల్లో వయసును "ప్రస్తుతానికి ఇన్నేళ్ల ముందు" అంటారే, ఆ ప్రస్తుతం ఏదయ్యా? 1950! అణుబాంబు పరీక్షలతో గాలిలో నీ సంఖ్య అడ్డగోలుగా పెరిగిపోయిన మాట నిజమే. అందుకని లోకమంతా 1950లోనే ఆగిపోవాలా? నేనింకా పుట్టనేలేదు! పుట్టనివాడిని మూడు గంటలు వరండాలో కూర్చోబెట్టావు నువ్వు!

అసలు అవమానం ఇంకా చెప్పలేదు. ఆ మేడమ్ ఏ యంత్రమూ ముట్టకుండా, రాయి మీది అతుకు గీతల్ని భూతద్దంతో చూసి, ఐదు నిమిషాల్లో "జురాసిక్" అనేశారు. ఒక్కో అమ్మొనైట్ జాతి కొద్దికాలమే బతికి, సముద్రాలన్నిటా పాకిందట. అందుకే చుట్టూ ఉన్న రాళ్ల వయసు తెలియాలంటే వాళ్లు వెతికేదే వీటిని. అంటే గడియారాన్ని చంకలో పెట్టుకుని టైమెంతయిందని నిన్ను అడగడానికొచ్చాను.

జురాసిక్ అంటే సుమారు 20 కోట్ల నుంచి 14 కోట్ల ఏళ్ల దాకా. "కచ్చితంగా చెప్పండి మేడమ్" అన్నాను. "ఏ పొరలో దొరికింది? పైనా కిందా అగ్నిపర్వత బూడిద ఉందా? బూడిదలో జిర్కాన్ దొరికితే రెండు వైపుల నుంచీ హద్దు కట్టొచ్చు" అన్నారు.

పెకలించి, బ్రష్షుతో తోమి, కడిగి తెచ్చాను. ఏ పొరో చూడలేదు.

నీకూ నోరు లేదు, నాకూ నోరు లేదు. ఆ ఒక్క క్షణం మాత్రం నువ్వు నా మనిషివనిపించావు.

ఇట్లు,
రాయి యజమాని
తేదీ: ప్రస్తుతం. నీది కాదు, నాది.