చెంచాడు పంచదార బరువు

(చెన్నై, తొండయార్‌పేట. ఐదో నెల గర్భిణి, రక్తంలో హిమోగ్లోబిన్ 9 గ్రాములే, అంటే రక్తహీనత. ఇంటిముందు హార్బరు లారీల రాకపోకలు. గాలిని శుద్ధిచేసే యంత్రం కొనమనాలా, వద్దా అని వాదం.)

లెక్కల మాస్టారు: వద్దంటాను డాక్టరమ్మా. తమిళనాడులో 1,285 మంది గర్భిణులను గమనించారు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోతుకు చేరే అతి సన్నని ధూళి, పది మైక్రోగ్రాములు పెరిగితే బిడ్డ బరువు తగ్గింది 4 గ్రాములే. చెంచాడు పంచదార!

డాక్టరమ్మ: అది సగటు మాస్టారూ. తక్కువ బరువు అనడానికి హద్దైన 2,500 గ్రాముల గీత దగ్గరే ఊగిసలాడే బిడ్డలు మన వార్డుల్లో ఎందరో. తక్కువ బరువు బిడ్డలు 2 శాతం పెరిగారని కూడా ఆ లెక్కే చెప్పింది.

మాస్టారు: విళుప్పురం, నాగపట్నం, ఇంకా గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణుల్లో సగం మందికి గ్యాస్ పొయ్యి ఉచితంగా ఇచ్చారు. వాళ్లు పీల్చే పీఎం 2.5 సుమారు 24 మైక్రోగ్రాములకు దిగింది, కట్టెల పొయ్యివాళ్లది 71. 2022లో తేలిందేమిటి? బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు.

డాక్టరమ్మ: వాళ్లను చేర్చుకున్నదే తొమ్మిదో వారం దాటాక, కొందరిని ఇరవయ్యోది దగ్గర పడ్డాక. కడుపులో బిడ్డను పోషించే మాయ కుదురుకునే తొలి వారాలు పొగలోనే గడిచాయి. పైగా 24 శుభ్రమైన గాలేం కాదు, ఏడాది సగటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 5. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో గర్భిణుల ఇళ్లలో సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టరు యంత్రాలు పెట్టినప్పుడు, నెలలు నిండి పుట్టిన పిల్లలు సగటున 85 గ్రాములు ఎక్కువ తూగారు.

మాస్టారు: నెలలు నిండినవాళ్లను విడదీస్తేనే అది. అందరినీ కలిపితే తేడా నిలవలేదు. సరే, 10×12 అడుగుల గది, ఎత్తు 10 అడుగులు: 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మారాలంటే యంత్రం గంటకు 170 ఘనపు మీటర్లు శుద్ధి చేయాలి, అదీ కిటికీలు మూస్తేనే. మే నెలలో ఏసీ లేని గదిలో చూలాలిని అలా ఉంచుతారా?

డాక్టరమ్మ: ఉంచను. యంత్రం వద్దన్నది ఒప్పుకున్నా. గాలి సంగతి మాత్రం వదలను. దోమల కాయిల్ ఈ రాత్రే ఆపి తెర కట్టుకోవాలి. పొయ్యి వెలిగించకముందే ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వంటయ్యాక పది నిమిషాలు తిరగనివ్వాలి. ఎదురుగా తలుపు కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే ఫ్యాను పొగ లాగదు. భోగి తెల్లవారుజామున టైర్ల మంటలు చల్లారేదాకా కిటికీలు మూసేయాలి.

మాస్టారు: ముందు రక్తహీనత సంగతి చూడండి. 60 మిల్లీగ్రాముల ఐరన్ మాత్రలు రోజుకు రెండు, టీతో కాకుండా.

డాక్టరమ్మ: రాసిచ్చాను. కాయిల్ ఆపడానికి మాత్రల కోర్సు పూర్తయ్యేదాకా ఆగాలా? రెండూ ఇవాళే. మంచాన్ని కూడా లారీల వైపు గదిలోంచి వెనక గదిలోకి మార్చమనండి.