వంద శాతం అంటే వంద శాతమే!

ప్రింట్ షాపులో ఎన్నిసార్లు చెప్పాలండీ? పేజీకి సరిపడేలా బొమ్మను కుదించే 'ఫిట్ టు పేజ్' పెట్టొద్దు, అసలు సైజులోనే, వంద శాతంలో తియ్యండి అని! తల ఊపుతారు, మళ్ళీ అదే నొక్కుతారు. ముక్కలు ప్రింటు తీయించి, కత్తిరించి, అతికించి నేను అట్టతో కడుతున్నది జపాన్ యుద్ధనౌక యమాటో మోడల్. అసలు ఓడ 263 మీటర్లు. 1:200 స్కేలులో మోడల్ 131 సెంటీమీటర్లు దాటుతుంది. షీటు నాలుగు శాతం తగ్గినా డెక్కు (ఓడ పైతలం) ముక్క కింది ఫ్రేము మీద కూర్చోదు, అంచున సందు నోరు తెరుస్తుంది. పైగా 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు 160 గ్రాములు తూగే) మందపాటి కాగితం అడిగితే జిరాక్స్ కాగితం ఇస్తారా? తొమ్మిది పెద్ద ఫిరంగి గొట్టాలు సన్నటి పుల్లకు చుట్టాలి, పల్చటి కాగితం జిగురు తడికే నలిగిపోతుంది. నిన్న రాత్రి మూడోది చుట్టి ఆరబెట్టానో లేదో, ఎవరో ఫ్యాన్ వేశారు! మంచం కింద వెతుకుతుంటే "కాగితం ముక్కేగా" అంటారా? రెండు గంటల పని అది!