మారియోకి నలభై ఏడు రంగులు

క్రాస్ స్టిచ్, అంటే గళ్ల గుడ్డ మీద ఇంటూ గుర్తుల్లా వేసే కుట్టు పని, పూర్తవడం సమాజానికి మంచిది కాదు. పూర్తయితే ఫ్రేము కట్టించాలి, ఫ్రేము కట్టిస్తే గోడకి మేకు కొట్టాలి, మేకు కొడితే ఇంటి ఓనరు ఊరుకోడు. ఈ సత్యం ఎరిగినవాళ్లు కాబట్టే మన పెద్దవాళ్లు తోకలేని రామచిలకల్నీ, వేణువు అందని కృష్ణుల్నీ, ‘వెల్’ దగ్గర ఆగిపోయిన ‘వెల్‌కమ్’లనీ ట్రంకుపెట్టెల్లో పెట్టి మనకి అప్పగించారు. ఇంతటి ఘన వారసత్వానికి ఇప్పుడు పాత వీడియో గేమ్ బొమ్మల వల్ల ముప్పు వచ్చిపడింది.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌నే తీసుకోండి. తర్వాతి కాలంలో మనవాళ్లు టీవీకి తగిలించి, కాసెట్టులోకి ఉఫ్‌మని ఊది ఆడిన ఆటే. అందులో చిన్న మారియో 12 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు. గడి అంటే తెర మీది ఒక్కో చుక్క, పిక్సెల్. అంతా కలిపి 192 గళ్లు, వాటిలో ఖాళీలు బోలెడు. రంగులు మూడే: ఎరుపు, ఒంటిరంగు, బురదలాంటి గోధుమ. నాలుగోది రంగు కాదు, ఖాళీ. ఆట ఆడించే ఆ యంత్రం ఒక్కో బొమ్మకి అంతకు మించి ఇవ్వదు. గడికో కుట్టు చొప్పున 14 కౌంట్ ఐడా, అంటే అంగుళానికి 14 గళ్లుండే కుట్టుగుడ్డ మీద వేస్తే బొమ్మ 2.2 సెంటీమీటర్ల వెడల్పు, 2.9 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. దారంలోంచి రెండు పోగులు, మొన మొద్దుగా ఉండే 24 నంబరు సూది చాలు. చుక్కల ముగ్గు లెక్క తప్పకుండా వేసే చెయ్యి దీన్ని ఒక్క ఆదివారంలో తేల్చేస్తుంది. ఫ్రేము, మేకు, ఓనరు.

కనుక సంప్రదాయ పరిరక్షణ బొమ్మ దింపుకోవడంతోనే మొదలవ్వాలి. పిక్సెల్‌కి ఒక గడి లెక్కన, రంగులు చెదరని పీఎన్‌జీ ఫైలు దొరికితే ముట్టుకోకండి. వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన జేపీజీయే శ్రేష్ఠం. జేపీజీ ఫైలు చిన్నదవడం కోసం రంగుల అంచుల్ని కాస్త అలికేస్తుంది. టోపీ ఎరుపుకీ పక్కనున్న తెలుపుకీ మధ్య అయిదారు గులాబీ ఛాయలు పుడతాయి. నాలుగింతలు పెంచిన పీఎన్‌జీయే చేతికొచ్చిందనుకోండి, మొండివాళ్లు జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, సైజు మార్చేటప్పుడు రంగులు కలిపే ఇంటర్‌పొలేషన్‌ని ‘నన్’ పెట్టి సరిగ్గా 25 శాతానికి తగ్గిస్తారు. రంగుల లెక్కకి హద్దు పెట్టే ఇండెక్స్‌డ్ మోడ్‌లో నాలుగు రంగులని చెబుతారు. రెండు నిమిషాల్లో, ఏ గడిలో ఏ రంగో చూపే చార్టు చేతిలో ఉంటుంది. మనం ‘క్యూబిక్’ పెడదాం. ప్రతి అంచునా రెండు రంగులకీ పుట్టిన మూడో రంగు వచ్చి కూచుంటుంది. ఆపైన చార్టు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే, మూడు రంగుల మారియోకి అది సగర్వంగా నలభై ఏడు దారం నంబర్లు చెబుతుంది. ముక్కు కింద ఒక్క కుట్టుకి 8 మీటర్ల దారం చుట్ట ఒకటి కొనాలి. ఫ్యాన్సీ షాపు కుటుంబం చల్లగా ఉంటుంది.

పోచంపల్లిలో ఇక్కత్ డిజైను గ్రాఫు కాగితం మీద గీసేవాళ్లని సలహా అడగొద్దు. గడి అన్నాక ఒకటే రంగని తేల్చి చెప్పి పని చెడగొడతారు.

చార్టు గుర్తుల విషయంలోనూ ఇదే నిష్ఠ ఉండాలి. మూడు రంగులకైతే చుక్క, ఇంటూ, త్రిభుజం గీసి, పదేసి గళ్లకో లావుపాటి గీత కొట్టి, నడిమధ్యకి బాణం పెడితే లెక్క తప్పమన్నా తప్పదు. నలభై ఏడింటికి ప, ఫ, ష, వ అని వరసగా పెట్టి రెండు మిల్లీమీటర్ల గడిలో ప్రింటు తీయండి. మారియో కన్నంటే ఒకదాని కింద ఒకటి రెండు గోధుమ గళ్లు. కింది గడికి ఐమూలగా మీసం మొదలవుతుంది. ఆ మీసం మొదలు ఒక్క గడి ఎడమకి జరిగితే చాలు, కన్ను కిందికి సాగి మీసంలోకి దిగిపోతుంది. మిగతా కుట్లన్నీ సరిగ్గా ఉన్నా ముఖం చెడుతుంది. ఎక్కడ చెడిందో మాత్రం కనపడదు. పని అటకెక్కించడానికి ఇంతకన్నా మర్యాదైన కారణం ఉండదు.

ఇంత జరిగినా పూర్తవుతుందేమోనని భయమా? తెర మొత్తం కుట్టండి. 256 × 240, అంటే 61,440 కుట్లు. గంటకి 150 కుట్లు పడితే 410 గంటలు. 14 కౌంట్ మీద రెండు పోగులతో చుట్టకి, తుంపులు పోగా, సుమారు 1,800 కుట్లు వస్తాయి. ఆకాశమే 45 వేల కుట్లు అనుకుంటే నీలం చుట్టలు 25. అన్నీ ఒకేసారి కొనకండి. నంబరు ఒకటే అయినా లాటు, అంటే ఒక విడతలో రంగు వేసిన సరుకు, మారితే ఛాయ మారి, ఆకాశం మధ్యలో గీత గీసినట్టు తేడా కొడుతుంది. నీలం ఐడా కొనుక్కుని ఆకాశాన్ని కుట్టకుండా వదిలేసే సోమరులున్నారు, వాళ్లని చేరనీయకండి. ఆ ఆటలో మబ్బూ పొదా ఒకటే బొమ్మ, రంగే వేరు. ఒక్క చార్టుతో రెండూ అయిపోతాయన్న సంగతి కూడా బయటికి పొక్కకూడదు.

ఇంకా మిగిలితే అసలు నీలం ఏదో తేల్చండి. పాత యంత్రం రంగుల్ని ఇప్పటి కంప్యూటర్ లెక్కలో కాక నేరుగా టీవీ సిగ్నల్‌గా పంపేది. పాత ఆటల్ని కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్; ఏ ఎమ్యులేటర్ నీలం దానిదే, ఒకదాంట్లో ఆకాశం ఊదాకి తిరుగుతుంది. దారాన్ని పగటి వెలుగులో గుడ్డ మీద పెట్టి చూసి, నచ్చింది కొంటే అయిదు నిమిషాల పని. ట్యూబులైటు కింద వాదిస్తే సంక్రాంతి దాటుతుంది.

గుడ్డ దగ్గర మాత్రం ఒక హెచ్చరిక. ఐడాకి బదులు వాడే చవక గళ్ల గుడ్డ మ్యాటీ క్లాత్‌లో నిలువు గళ్లూ అడ్డం గళ్లూ సమానంగా ఉండకపోవచ్చు. నిలువున అంగుళానికి 14, అడ్డంగా 12 ఉంటే కుట్టు పొట్టిగా, వెడల్పుగా పడుతుంది. మామూలు రామచిలకైతే బొద్దుగా తయారై మన లక్ష్యం నెరవేరేది. కానీ ఆ యంత్రం పిక్సెలే టీవీ మీద చదరం కాదు, 8:7 వెడల్పు. అంటే ఈ లోపమున్న గుడ్డ మీద మారియో చిన్నప్పుడు టీవీలో కనపడ్డంత బొద్దుగా, దాదాపు సరిగ్గా వచ్చేస్తాడు. ఇలాంటి విపత్తు రాకుండా గుడ్డని 90 డిగ్రీలు తిప్పి కుట్టండి, బక్కచిక్కి వస్తాడు.

కుట్టేటప్పుడు ఇంటూలో పైన పడే గీత, పై కాలు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వాలనివ్వండి. మెరుపు తేడా వచ్చి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ముదురు దారాన్ని వెనకనుంచి పది గళ్లు లాక్కెళ్తే తెల్లగుడ్డలోంచి నరంలా తెలుస్తుంది. చివర నాలుగైదు కుట్ల కింద దూర్చడం మాని ముడి వేస్తే ముందువైపు బొడిపె లేస్తుంది. ఎరుపు దిగుతుందో లేదో తడిగుడ్డతో రుద్ది చూసుకోకుండా వేడినీళ్లలో నానబెడితే ఒంటిరంగు, టోపీరంగు ఒకటై కూచుంటాయి.

ఇక మడిచి పెట్టెలో పెట్టేటప్పుడు సూదిని గుడ్డకే గుచ్చి ఉంచండి. రెండు వానాకాలాలు గడిచేసరికి దాని చుట్టూ తుప్పు దిగి, ఏ చార్టులోనూ లేని నలభై ఎనిమిదో రంగు తయారవుతుంది. దానికి మాత్రం దారం కొనక్కర్లేదు.