811 ఉంటే ఏం లాభం

సిబిల్ స్కోరు, అంటే అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తామో చెప్పే మార్కులు, నాకు 900కి 811. బండి లోను ఒక్క వాయిదా కూడా తప్పకుండా తీర్చేశాను. అలాంటి నాకు విశాఖ ద్వారకానగర్‌లో ఓ బ్యాంకు వాళ్లు సేవింగ్స్ అకౌంట్ ఇవ్వలేమన్నారు. అప్పు కాదండీ బాబూ, నా డబ్బులు నేను దాచుకుంటానంటే! స్కోరు చూసేది అప్పులకేలే, ఆ మాత్రం తెలుసు, అయినా ఒళ్లు మండదా?

కారణం అడిగితే కౌంటర్లో అమ్మాయి "సిస్టమ్ తీసుకోవట్లేదు సార్" అంటూ మానిటర్ నా వైపు తిప్పింది, ఎర్రక్షరాల్లో ఒకటే ముక్క, రిజెక్టెడ్. ఎందుకమ్మా అంటే పక్క సీటాయన్ని చూసింది, ఆయన మేనేజర్ గది వైపు చూశాడు, మేనేజరేమో భోజనానికెళ్లారు. మూడున్నరకి ఆయనొచ్చి తేల్చిందేంటంటే ఆధార్‌లో శ్రీకాకుళం అడ్రసు, నేనుండేది మద్దిలపాలెంలో అద్దెకి, పైగా పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే. పేరు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడుండే అడ్రసు వేరైతే ఆధార్‌తో పాటు మనమే రాసిచ్చే డిక్లరేషన్ చాలని రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లోనే ఉంది కదండీ అన్నాను. "మా బ్రాంచిలో కరెంటు బిల్లు కావాలి" అట. అద్దెకున్నవాడి పేరు మీద కరెంటు బిల్లు ఎవడిస్తాడు?

సెలవు దండగ, ఆ ఉక్కలో చొక్కా తడిసి ముద్ద, జిరాక్సులకి 40 రూపాయలు. సాయంత్రం అదే బ్యాంకు నుంచి ఫోను, "సార్, మీ స్కోరు చాలా బాగుంది, పర్సనల్ లోను కావాలా?" అని.

ఏ అకౌంట్లో వేస్తావమ్మా అన్నాను. కట్ చేసేసింది.