రెండో డిస్క్ ఎక్కడ పెట్టాలి?

శ్రీకాకుళంలో మా ఇంటి హాల్లో, టీవీ స్టాండు కింది అరలో ఒక పాత కంప్యూటర్ రాత్రీ పగలూ నడుస్తుంటుంది. అదే మా సర్వర్. అందులో ఉన్నది ఒకటే డిస్క్. మా వదిన ఊరూరా తిరిగి రికార్డు చేసుకొచ్చిన జముకుల కథలు, తప్పెటగుళ్లు అందులోనే ఉన్నాయి. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. రోజూ రాత్రి ఒక పాత ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ వెళ్తుంది. ఇప్పుడు ఇంకో డిస్క్ కొన్నాం. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు.

వదిన: వాదనెందుకు? సర్వర్‌లోనే బిగించి రెయిడ్ పెట్టు. రెండిట్లోనూ ఒకేసారి రాసుకుంటుంది. ఒకటి పోయినా రెండోది నడుస్తుంది.

నేను: డిస్క్ పోతే సరే వదినా. మీరు పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే? ఆ క్షణంలోనే రెండిట్లోనూ పోతుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ పట్టినా అంతే. పిడుగుపాటుకి కరెంటు ఎగదన్నితే ఒకే పెట్టెలో ఉన్న రెండు డిస్కులూ కాలొచ్చు. రెయిడ్ ఉన్నది సర్వర్ ఆగకుండా చూడ్డానికి. మన సర్వర్ రెండ్రోజులు ఆగితే కొంపేమీ మునగదు.

వదిన: పొద్దున నేను రికార్డింగ్ ఎక్కించాను, సాయంత్రానికి డిస్క్ పోయింది అనుకో. నీ బ్యాకప్ రాత్రి 2 గంటలకి. ఆ ముసలాయన మళ్లీ అదే కథ అలాగే చెప్తాడా?

ఇది గట్టి ప్రశ్న. నేను కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

నేను: రికార్డర్‌లో మెమరీ కార్డు అప్పుడే చెరపొద్దు. బ్యాకప్ పూర్తయిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చాకే చెరపండి. అప్పటిదాకా ఆ కార్డే రెండో ప్రతి.

వదిన: నీ పద్ధతిలో ప్రతిదీ మనిషి గుర్తుపెట్టుకోవాలి. రెయిడ్‌కి ఆ బాధ లేదు.

నేను: కార్డు సంగతి ఒక్కటే మీ చేతిలో ఉంటుంది. రాత్రి పని రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ దానంతటదే చేస్తుంది. 7 రోజులవి, 4 వారాలవి, 12 నెలలవి పాత ప్రతులు ఉంచమని చెప్పాను. వట్టి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో అద్దంలా కాపీ చేయిస్తే, ఇవాళ చెరిగింది రేపు బ్యాకప్‌లోనూ చెరుగుతుంది. మన సర్వర్ డిస్క్‌లో ఫైళ్లు అమర్చే బీటీఆర్ఎఫ్ఎస్ పద్ధతిలో స్క్రబ్ అనే తనిఖీ నడిపితే ఏ ఫైలు పాడైందో చెప్తుంది. ఒకటే డిస్క్ కాబట్టి బాగు మాత్రం చెయ్యలేదు, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి.

వదిన: చూశావా, రెయిడ్ ఉంటే అదే బాగుచేసుకునేది.

నేను: ఆ లాభం ఉంది, కాదనను. ఇంకో డిస్క్‌కి కూడా డబ్బుంటే పెట్టేవాణ్ణే. ఉన్నది ఒక్కటి. అది ఈ ఇంట్లో ఉండకూడదు.

వదిన: మరి మా కవిటిలో పెడతావా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పుట్టింటి పెంకులు లేచిపోయి, బీరువా మీది పెళ్లి ఆల్బం నానిపోయింది. అమ్మ ఒక్కో పేజీ విడదీస్తుంటే మొహాలు అవతలి పేజీకి అంటుకుని వచ్చేశాయి.

నేను: అందుకే అంటున్నాను. ఆ ఆల్బం ఇంకోటి ఈ ఇంట్లో ఉండుంటే? కొత్త డిస్క్ విజయనగరంలో అక్క వాళ్లింట్లో పెడదాం. నెలకోసారి ఎలాగూ వెళ్తాం, అప్పుడు ఇక్కడి పాత బ్యాకప్ డిస్కూ అక్కడి కొత్తదీ మార్చుకుందాం. మూడు ప్రతులు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇదే.

వదిన: 2014లో హుద్‌హుద్ తుఫాను విజయనగరాన్నీ వదల్లేదు, మనల్నీ వదల్లేదు.

నేను: రికార్డింగులు మాత్రం క్లౌడ్‌లో కూడా పెడదాం. సర్వర్‌లో ఉన్న 2 టీబీ అంతా మన 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో ఎక్కించాలంటే ఆపకుండా నాలుగున్నర రోజులు దాటుతుంది. రికార్డింగులు 200 జీబీయే, 11 గంటల పని. సినిమాలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.

వదిన: సరే, ఇన్ని ప్రతులంటున్నావు కదా. సర్వర్ ముట్టుకోకుండా ఒక్క జముకుల కథ తెచ్చి వినిపించు.

పాత డిస్క్ తెచ్చి నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. రెస్టిక్ పాస్‌వర్డ్ అడిగింది. అది లేకపోతే ఆ డిస్క్‌లో ఒక్క ఫైలు కూడా తెరవడం ఎవరి వల్లా కాదు. నేను దాన్ని ఒకే చోట దాచాను, సర్వర్‌లో.

వదిన: అంటే సర్వర్ పోతే తాళంచెవి కూడా దాంతోనే పోతుందన్నమాట.

ఆమె లోపలికి వెళ్లి, పాడినవాళ్ల పేర్లూ ఊళ్లూ రాసుకునే పొడుగు నోటుబుక్కు పట్టుకొచ్చింది. నేను సర్వర్‌లోంచి చూసి ఒక్కో అక్షరం చెప్తుంటే రాసుకుంది. అదే ఇంకో కాగితం మీద రాసి, మీ అక్కకి ఇవ్వమని మడిచి నా చేతికిచ్చింది. ఆ కాగితంలో చూసి టైప్ చేశాను. కాసేపటికి ల్యాప్‌టాప్‌లోంచి జముకు మోత, దాని వెనకే ముసలాయన గొంతు వినిపించాయి.

వదిన: కొత్త డిస్క్ విజయనగరానికే తీసుకెళ్లు. కానీ నెలనెలా ఏదో ఒక కథ అడుగుతాను. ఇలాగే తీసి వినిపించాలి.